కోడ్ అదే, వార్నింగులు మాత్రం మూడు వందలు: తప్పు నాదా, టూల్‌దా?

ప్రశ్న

హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సేవల సంస్థలో నాలుగేళ్లుగా జావా డెవలపర్‌గా పనిచేస్తున్న పాఠకురాలు ఒకరు, పేరు ప్రచురించవద్దని కోరుతూ, వివరంగా ఉత్తరం రాశారు. దాని సారాంశం ఇది.

విదేశీ బీమా సంస్థ కోసం వీరి బృందం ఏళ్లుగా నిర్వహిస్తున్న ఒక అప్లికేషన్‌ను జావా 8 నుంచి జావా 11కు మార్చే పనిని ఇటీవల ఈమెకు అప్పగించారు. పని సవ్యంగానే ముగిసింది, టెస్టులన్నీ పాసయ్యాయి. కానీ ఆ మార్పు, కోడ్‌ను ఆటోమేటిక్‌గా బిల్డ్ చేసే జెన్‌కిన్స్ సర్వర్‌లో బిల్డ్ కాగానే, అంతవరకు పది పన్నెండు వార్నింగులకు మించని స్పాట్‌బగ్స్ (కోడ్‌లో తప్పులను వెతికే టూల్) నివేదికలో ఒక్కసారిగా మూడు వందలకు పైగా కనిపించాయి. వాటిలో అత్యధికం "నల్ కాదని తేలిపోయిన విలువను మళ్లీ నల్ అవునా కాదా అని పరీక్షిస్తున్నారు" అని చెప్పేవే (నల్ అంటే ఏ విలువా లేని స్థితి). ఆ లైన్లు తెరిచి చూస్తే అక్కడ నల్ పరీక్ష అనేదే లేదు. అదే కోడ్‌ను తన ల్యాప్‌టాప్‌లో ఇంటెలిజె ఎడిటర్‌లోని స్పాట్‌బగ్స్ ప్లగిన్‌తో పరీక్షించినప్పుడు ఈ వార్నింగుల్లో ఒక్కటీ రాలేదు.

వార్నింగుల పరిమితిని చూసే క్వాలిటీ గేట్ దాటనందువల్ల రిలీజ్ ఆగిపోయింది. మార్పుతో పాటు ఫార్మాటింగ్ కూడా సరిచేసినందువల్ల, గిట్ చరిత్ర ప్రకారం ప్రతి వార్నింగ్ పక్కనా ఈమె పేరే కనిపిస్తోంది. "మీరు ముట్టుకున్నాకే వచ్చాయి కనుక మీరే తీసేయాలి" అని టీమ్ లీడ్ అన్నారు. ప్రతి మెథడ్ మీదా వార్నింగును అణచివేసే అనొటేషన్ (కోడ్‌కు తగిలించే గుర్తు) పెట్టేయమని ఒక సీనియర్ సలహా ఇచ్చారు. ట్రై విత్ రిసోర్సెస్ (వాడుకున్న ఫైలు, కనెక్షన్ వంటి రిసోర్సులను తానే మూసే జావా పద్ధతి) తీసేసి పాత పద్ధతిలో ట్రై, ఫైనల్లీ రాయమని మరొకరు చెప్పారు. ఎక్సెల్ షీట్‌లో అన్నిటికీ "ఫిక్స్‌డ్" అని రాసి పంపితే చాలని మేనేజర్ అన్నారు. టూల్‌ను కొత్తదానికి మార్చుదామంటే, క్లయింట్ ఆమోదించిన జాబితాలో స్పాట్‌బగ్స్ 3.1 శ్రేణి మాత్రమే ఉందనే జవాబు వచ్చింది. త్వరలో అప్రైజల్ ఉంది. "నాకు నిజంగానే కోడ్ రాయడం రాదేమోనన్న అనుమానం మొదలైంది. వీళ్లలో ఎవరి మాట వినాలి?" అన్నది ఆమె ప్రశ్న.

సమాధానం

మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఒక వాక్యంలోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. ల్యాప్‌టాప్‌లో రాని వార్నింగులు సర్వర్‌లో వచ్చాయన్నారు. రెండు చోట్లా ఉన్నది ఒకే కోడ్ కనుక, తేడా ఎక్కడుందో కోడ్‌లో వెతకడం కన్నా, దాన్ని చదువుతున్న టూల్‌లో వెతకడం మేలు. మీరు వివరించిన లక్షణాలను బట్టి చూస్తే ఆ మూడు వందల్లో చాలా భాగం, జావా 11 కంపైలర్ ఉత్పత్తి చేసే కోడ్‌ను అర్థం చేసుకోలేని పాత స్పాట్‌బగ్స్ ఇస్తున్న తప్పుడు వార్నింగులే. "చాలా భాగం" అన్నానే గాని "అన్నీ" అనలేదని గమనించండి. ఆ తేడా గురించి తరువాత చెబుతాను.

ముందుగా, మీరు రాయని నల్ పరీక్ష టూల్‌కు ఎక్కడ కనిపించిందో చూద్దాం. చెక్‌స్టైల్, పీఎండీ వంటి టూల్స్ మీరు రాసిన సోర్స్ ఫైలును చదువుతాయి. స్పాట్‌బగ్స్ అలా కాకుండా, కంపైలర్ తయారుచేసిన క్లాస్ ఫైలులోని బైట్‌కోడ్‌ను (జావా నడిపే ఆదేశాలను) చదువుతుంది. అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో బిల్ ప్యూ బృందం రూపొందించిన ఫైండ్‌బగ్స్‌కు ఇది వారసురాలు. 2015లో వచ్చిన 3.0.1 వెర్షన్‌తో ఫైండ్‌బగ్స్ ఆగిపోగా, అదే కోడ్‌ను స్పాట్‌బగ్స్ పేరుతో కొందరు ముందుకు తీసుకెళ్లారు. బైట్‌కోడ్‌ను చదివే పద్ధతి వల్ల లాభం చాలా ఉంది. కానీ ఒక ఇబ్బంది కూడా ఉంది. బైట్‌కోడ్‌లో మీరు రాసినదీ, మీ తరఫున కంపైలర్ చేర్చినదీ కలిసిపోయి ఉంటాయి. ఏది ఎవరిదో గుర్తుపట్టాలంటే కంపైలర్ అలవాట్లు టూల్‌కు ముందే తెలిసి ఉండాలి.

ట్రై విత్ రిసోర్సెస్ వాడినప్పుడు రిసోర్స్‌ను మూసే పని మీరు రాయరు, కంపైలరే రాస్తుంది. జావా 8 కంపైలర్ ఆ పనికి ఒక పొడవైన అమరికను తయారుచేసేది. మొదటి ఎక్సెప్షన్‌ను (నడుస్తుండగా వచ్చిన లోపాన్ని) ఒక వేరియబుల్‌లో దాచుకొని, చివర్లో ఫైనల్లీ భాగంలో అన్నీ కలిపి చూసుకొనేది. 2018 సెప్టెంబరులో వచ్చిన జావా 11 నాటికి ఈ అమరికను క్లుప్తం చేశారు. బ్లాక్ సవ్యంగా ముగిసిన దారిలో ఒకసారి, ఎక్సెప్షన్ వచ్చిన దారిలో మరొకసారి, "రిసోర్స్ నల్ కాకపోతే మూసెయ్యి" అనే చిన్న కోడ్‌ను కంపైలర్ విడివిడిగా పెడుతోంది. ఇప్పుడు మీ కోడ్‌ను ఊహించుకోండి. కనెక్షన్ నుంచి ఒక స్టేట్‌మెంట్ తెచ్చుకున్నారు, బ్లాక్ లోపల దానితో క్వెరీ నడిపారు. క్వెరీ నడిచిందంటే స్టేట్‌మెంట్ నల్ కాదని రుజువైనట్లే. ఆ వెంటనే కంపైలర్ పెట్టిన "నల్ కాకపోతే" అన్న పరీక్ష వస్తుంది. పాత స్పాట్‌బగ్స్ దాన్ని చూసి, ఇప్పటికే వాడేసిన విలువను ఇప్పుడు పరీక్షించడమేమిటని మీ మీద ఫిర్యాదు చేస్తుంది. తర్కం ప్రకారం దాని మాట నిజమే. ఆ పరీక్ష రాసింది మీరు కాదన్న సంగతి ఒక్కటే దానికి తెలియదు. పాత ఓటర్ల జాబితా పట్టుకొని వచ్చిన ఉద్యోగి, కొత్తగా కాపురానికి వచ్చిన కుటుంబాన్ని చూసి "ఈ ఇంట్లో మీరెవరూ ఉండకూడదే" అన్నట్లుంటుంది ఈ వ్యవహారం.

ఇది నా మాట మీద నమ్మవలసిన అవసరం మీకు లేదు. మీ నివేదికతోనే సరిచూసుకొనే మార్గం ఒకటి ఉంది. రిసోర్స్‌ను "న్యూ" అనే పదంతో అక్కడికక్కడే సృష్టించినప్పుడు అది నల్ అయ్యే అవకాశమే లేదని కొత్త కంపైలర్‌కు తెలుసు కనుక, అలాంటి చోట నల్ పరీక్షను అది పెట్టదు. రిసోర్స్ ఏదైనా మెథడ్ నుంచి తిరిగి వచ్చినప్పుడు మాత్రమే పెడుతుంది. కాబట్టి ఫైల్ ఇన్‌పుట్ స్ట్రీమ్‌ను నేరుగా "న్యూ"తో సృష్టించిన బ్లాకుల దగ్గర ఈ వార్నింగ్ ఉండకూడదు, డేటా సోర్స్ నుంచి కనెక్షన్ తెచ్చుకున్న బ్లాకుల దగ్గర ఉండాలి. మీ నివేదికను ఈ దృష్టితో మరోసారి చదవండి. వార్నింగులు ఈ గీతకు అటూ ఇటూ స్పష్టంగా విడిపోతే, కారణం మీకు దొరికినట్లే.

తరువాత ఈ కారణాన్ని ఇతరులకు చూపించగలిగే రూపంలోకి తేవాలి. మీ ప్రాజెక్టుతో సంబంధం లేని ఒక చిన్న క్లాసును కొత్తగా రాయండి. అందులో ఒక మెథడ్, దానిలో ఒక ట్రై విత్ రిసోర్సెస్ బ్లాక్ ఉంటే చాలు. రిసోర్స్‌ను మాత్రం మెథడ్ పిలుపు ద్వారానే తెచ్చుకొని, బ్లాక్ లోపల దాన్ని వాడండి. దాన్ని జావా 8తో ఒకసారి, జావా 11తో ఒకసారి కంపైల్ చేసి, రెండింటినీ సర్వర్‌లో ఉన్న అదే పాత స్పాట్‌బగ్స్‌తో పరీక్షించండి. మొదటిదానికి రాని వార్నింగ్ రెండోదానికి వస్తుంది. ఆపైన జేడీకే (జావా డెవలపర్ల కిట్)తో పాటు వచ్చే జావాపీ అనే టూల్‌తో రెండో క్లాస్ ఫైలును విప్పి చూస్తే, మీ సోర్స్‌లో ఎక్కడా లేని "ఇఫ్‌నల్" అనే ఆదేశం బైట్‌కోడ్‌లో కనిపిస్తుంది. చివరగా అదే ఫైలును కొత్త స్పాట్‌బగ్స్‌తో పరీక్షించండి. తరువాత వచ్చిన 4 శ్రేణి వెర్షన్లలో ఈ అమరికను గుర్తుపట్టే సవరణలు చేరాయి కనుక వార్నింగ్ పోవాలి. మీరు ఎంచుకున్న వెర్షన్‌లో పోయిందా లేదా అన్నది ఈ చిన్న క్లాసుతోనే తేల్చుకొని, ఆ తరువాతే ఆ వెర్షన్ పేరును ఎవరి ముందైనా ప్రస్తావించండి. ఇందులో మీ నైపుణ్యం గురించిన చర్చకు తావు లేదు. పది పదిహేను లైన్ల కోడ్, ఒక టూల్, రెండు కంపైలర్లు, అంతే.

ల్యాప్‌టాప్‌కూ సర్వర్‌కూ తేడా ఎందుకు వచ్చిందో కూడా ఇదే సమయంలో స్థిరపరచుకోండి. ఐడీఈ (ఇంటెలిజె వంటి కోడ్ ఎడిటర్)లోని ప్లగిన్ తన సొంత స్పాట్‌బగ్స్‌ను వెంట తెచ్చుకుంటుంది. అది అప్‌డేట్ అయినప్పుడల్లా లోపలి టూల్ కూడా కొత్తదవుతుంది. సర్వర్‌లో మాత్రం, బిల్డ్ టూల్ మావెన్ చదివే పామ్ ఫైలులో ఏళ్ల క్రితం ఎవరో రాసిన వెర్షన్ సంఖ్యే నడుస్తూ ఉంటుంది. ఏది నడుస్తోందో ఊహించనవసరం లేదు. స్పాట్‌బగ్స్ ఇచ్చే ఎక్స్ఎంఎల్ నివేదిక మొదట్లోనే దాని వెర్షన్ రాసి ఉంటుంది. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. జెన్‌కిన్స్‌లో వార్నింగులను చూపించే ప్లగిన్ నివేదికను చదివి ప్రదర్శిస్తుందే తప్ప కోడ్‌ను తాను విశ్లేషించదు. దాన్ని ఎంత కొత్తది చేసినా ఫలితం మారదు. మార్చవలసింది మావెన్ ప్లగిన్‌ను, దాని లోపల నడిచే స్పాట్‌బగ్స్‌ను. అవసరమైతే ప్లగిన్‌ను అలాగే ఉంచి, దాని డిపెండెన్సీగా కొత్త స్పాట్‌బగ్స్‌ను పేర్కొనడానికి కూడా మావెన్‌లో వీలుంది.

ఇప్పుడు "చాలా భాగం" అన్న మాటకు వస్తాను. టూల్ పాతదని తేలగానే నివేదిక మొత్తాన్ని పక్కన పడేయాలనిపిస్తుంది. దయచేసి అలా చేయకండి. వార్నింగులను రకాల వారీగా వేరుచేసి, ట్రై విత్ రిసోర్సెస్‌తో ముడిపడిన నల్ పరీక్ష వార్నింగులన్నిటినీ ఒక పక్కకు తీయండి. మిగిలిన వాటిని ఒక్కొక్కటిగా మీరే చదవాలి. జావా మారినప్పుడు నిజమైన సమస్యలు కూడా వస్తాయి. ఆ గుంపులో అలాంటిది ఒక్కటున్నా, దాన్ని మీరే కనిపెట్టి సరిచేశారన్న విషయం, తప్పుడు వార్నింగుల గురించి మీరు చెప్పే మాటకు బలం ఇస్తుంది. విశ్లేషణకు అవసరమైన కొన్ని క్లాసులు దొరకలేదన్న సందేశం నివేదికలో ఉందేమో కూడా చూడండి. లైబ్రరీలు మార్చినప్పుడు ఇది తరచుగా వస్తుంది. క్లాసులు దొరకనప్పుడు టూల్ తనకు తెలిసినంత మేరకే తీర్పు చెబుతుంది కనుక, దాని మాట రెండు వైపులా తప్పవచ్చు.

మీ ముందున్న దారుల్లో, ట్రై, ఫైనల్లీకి తిరిగి వెళ్లమన్న సలహాను ముందుగా తీసుకుంటాను, ఎందుకంటే వాటన్నిటిలోకీ ఎక్కువ హాని చేసేది అదే. 2011లో జావా 7తో ట్రై విత్ రిసోర్సెస్ రావడానికి బలమైన కారణం ఉంది. పాత పద్ధతిలో బ్లాక్ లోపల ఒక ఎక్సెప్షన్ వచ్చి, ఫైనల్లీలో రిసోర్స్ మూసేటప్పుడు మరొకటి వస్తే, రెండోది మొదటిదాన్ని మింగేస్తుంది. అర్ధరాత్రి క్లెయిముల బ్యాచ్ ఆగిపోయి లాగ్ తెరిచిన ఉద్యోగికి కనెక్షన్ మూయడంలో వచ్చిన లోపం కనిపిస్తుందే గాని, అసలు క్వెరీ ఎందుకు విఫలమైందో కనిపించదు. కొత్త పద్ధతిలో మొదటి ఎక్సెప్షనే బయటికి వస్తుంది, రెండోది దానికి అనుబంధంగా నమోదవుతుంది. పైగా రెండు మూడు రిసోర్సులను చేత్తో మూసేటప్పుడు ఒకటి మూయకుండా మిగిలిపోవడం చాలా సులభం. అలా కనెక్షన్లు కారిపోతూ ఉంటే వాటి పూల్ (సిద్ధంగా ఉంచే నిల్వ) ఖాళీ అయి, అప్లికేషన్ మొత్తం నిలిచిపోతుంది. నివేదికలో సంఖ్య తగ్గించడానికి వందల చోట్ల సరైన కోడ్‌ను బలహీనమైన కోడ్‌గా మార్చడమంటే, లేని లోపాన్ని తీయబోయి నిజమైన లోపాలను నాటడమే. దీనికి మాత్రం మీరు ఒప్పుకోవద్దని గట్టిగా చెబుతాను.

ప్రతి మెథడ్ మీదా అనొటేషన్ పెట్టడం అంత ప్రమాదకరం కాకపోయినా దాని ఖర్చు దానికి ఉంది. ఆ అనొటేషన్ ఒక మెథడ్ మీద ఉన్నంత కాలం, ఆ మెథడ్‌లో రేపు ఎవరైనా అదే రకం నిజమైన తప్పు చేసినా టూల్ నోరు మెదపదు. మీకు వచ్చిన వార్నింగ్ రకం ఊరికే పెట్టినది కాదు. పాలసీదారు ఆబ్జెక్ట్ నుంచి పేరు తీసుకున్న తరువాత, నాలుగు లైన్ల కింద ఆ ఆబ్జెక్ట్ నల్ అవునా అని ఎవరైనా పరీక్షిస్తే, అది నల్ కావచ్చని వారికి అనుమానం ఉన్నట్లే, అయినా ముందే వాడేసినట్లే. అలాంటి చోట ఈ వార్నింగ్ ఎంతో విలువైనది. అనొటేషన్లు ఒకసారి చేరాయంటే వాటిని తీసే బాధ్యత ఎవరిదీ కాకుండా పోతుందన్నది మరో చిక్కు. తప్పనిసరి అయితే వాటిని కొద్ది చోట్లకే పరిమితం చేయండి. ఆ అనొటేషన్‌లో కారణం రాయడానికి "జస్టిఫికేషన్" అనే స్థలం ఉంది. దాన్ని ఖాళీగా వదలకుండా, ఏ వెర్షన్ టూల్ వల్ల ఎందుకు పెట్టవలసి వచ్చిందో రాయండి.

ఫిల్టర్ ఫైలు దీనికన్నా మెరుగైన మధ్యేమార్గం. వార్నింగ్ రకాన్నీ, క్లాసులు లేదా ప్యాకేజీలనూ పేర్కొంటూ ఒకే ఎక్స్ఎంఎల్ ఫైలులో మినహాయింపులు రాయవచ్చు. సోర్స్ కోడ్‌ను ముట్టుకోనవసరం లేదు, తీసేయడం కూడా ఒక్క చోటే. కానీ అందులో వార్నింగ్ రకం ఒక్కటే రాసి వదిలేస్తే, ప్రాజెక్టు మొత్తంలో ఆ రకం కనపడకుండా పోతుంది. డేటాబేస్‌తోనూ ఫైళ్లతోనూ పనిచేసే ప్యాకేజీలకు మాత్రమే దాన్ని కుదించండి. ఏ టికెట్ ముగిసినప్పుడు ఈ మినహాయింపును తీసేయాలో ఆ ఫైలులోనే వ్యాఖ్యగా రాసి పెట్టండి. ఇప్పుడున్న వార్నింగులన్నిటినీ బేస్‌లైన్‌గా తీసుకొని, కొత్తగా వచ్చేవాటినే లెక్కలోకి తీసుకొనే పద్ధతి కూడా ఉంది. రిలీజ్ ఆగిపోయిన మీ పరిస్థితిలో అది త్వరగా ఊపిరి పీల్చుకొనే వీలు ఇస్తుంది. అయితే టూల్ మారనంత వరకు, రేపు రాయబోయే ప్రతి ట్రై విత్ రిసోర్సెస్ బ్లాకుకూ ఇదే తంటా తిరిగి వస్తుంది.

చివరికి చేయవలసింది టూల్‌ను కొత్తదానికి మార్చడమే. దాని పర్యవసానాలను ముందే తెలుసుకొని, మీరే ముందుగా చెప్పడం చాలా ముఖ్యం. ఈ తప్పుడు వార్నింగులు పోతాయి గాని మొత్తం సంఖ్య తగ్గుతుందని ఎవరికీ మాట ఇవ్వకండి. కొత్త వెర్షన్లలో కొత్త పరిశీలనలు చేరాయి. ముఖ్యంగా 2021లో వచ్చిన 4.3.0 నుంచి, క్లాస్ లోపలి లిస్టులనూ మ్యాపులనూ నకలు తీయకుండా బయటికి ఇచ్చే గెటర్ల మీద వార్నింగులు విపరీతంగా పెరిగాయి. బీమా అప్లికేషన్ అంటే గెటర్లు, సెటర్లతో నిండిన క్లాసులు వందల్లో ఉంటాయి కనుక, మీ నివేదికలో ఇవి పెద్ద సంఖ్యలో కనిపించవచ్చు. అవి నేటి వార్నింగుల వంటివి కావు. మీ కోడ్ గురించి అవి చెప్పేది నిజమే, దాన్ని ఎంత పట్టించుకోవాలన్నది బృందం తీసుకోవలసిన నిర్ణయం. ఈ సంగతి ముందే చెప్పకుండా టూల్ మార్పించి, మర్నాడు అయిదు వందల వార్నింగులు కనిపిస్తే, ఈసారి నింద నిజంగానే మీ మీదికి వస్తుంది.

టీమ్ లీడ్‌తో మాట్లాడేటప్పుడు "టూల్ తప్పు" అన్న మాటతో మొదలుపెట్టవద్దు. తమ పని తప్పని ఎవరైనా అన్నప్పుడు చాలామంది చెప్పే మొదటి మాట అదే కనుక, వినేవారు దాన్ని సాకుగానే తీసుకుంటారు. దానికి బదులు ఇలా రాయవచ్చు: "జావా 11 కంపైలర్ ట్రై విత్ రిసోర్సెస్ కోసం తానే చేర్చే నల్ పరీక్షను మన స్పాట్‌బగ్స్ వెర్షన్ మనం రాసినదిగా భావిస్తోంది. ఇందుకు ఉదాహరణగా మన ప్రాజెక్టుతో సంబంధం లేని ఒక చిన్న క్లాసునూ, రెండు కంపైలర్లతో వచ్చిన ఫలితాలనూ జతచేశాను. ఈ రకానికి చెందని వార్నింగులను విడిగా పరిశీలించి నా అభిప్రాయం రాశాను. ప్రస్తుత రిలీజ్‌కు పరిమితమైన ఫిల్టర్‌ను, ఆ తరువాత టూల్ మార్పును ప్రతిపాదిస్తున్నాను." ఇది మెయిల్‌లో ఉండాలి. నోటిమాటగా చెబితే మీటింగ్‌తో పాటే కరిగిపోతుంది.

క్లయింట్ జాబితా అడ్డంకి మీరు అనుకుంటున్నంత గట్టిది కాకపోవచ్చు. ఆమోదిత జాబితాలు సాధారణంగా భద్రత, లైసెన్సుల కోసం పెడతారు, విశ్లేషణ నాణ్యత తగ్గాలని ఎవరూ కోరుకోరు. క్లయింట్‌కు చెప్పవలసిన బలమైన కారణం తప్పుడు వార్నింగుల బాధ కాదు, అది మీ బాధ. పాత టూల్ నిజమైన లోపాలను చూడలేకపోవడం వారి బాధ. జావా 8 క్లాస్ ఫైలు మీద 52 అనే వెర్షన్ సంఖ్య ఉంటుంది, జావా 11కు అది 55, జావా 17కు 61. తనకు తెలియని సంఖ్య ఎదురైతే పాత టూల్ ఆ ఫైలును చదవలేనని మొరాయిస్తుంది. ఆ లోపాన్ని పట్టించుకోకుండా ముందుకు సాగేలా బిల్డ్‌ను అమర్చి ఉంటే, చదవని ఫైళ్లన్నీ తప్పుల్లేని ఫైళ్లుగా లెక్కలోకి వస్తాయి. నిండా వార్నింగులున్న నివేదిక కన్నా, ఏమీ చదవకుండా పచ్చగా కనిపించే నివేదిక ఎంతో అపాయం. జావా 17కు వెళ్లే ఆలోచన క్లయింట్‌కు ఉంటే ఈ ఒక్క మాటతోనే జాబితా మారవచ్చు. అంతవరకు, ఆమోదం కోసం ఎదురుచూస్తూనే, బిల్డ్‌ను ఆపే అధికారం లేని రెండో నివేదికగా కొత్త వెర్షన్‌ను సమాంతరంగా నడిపించమని అడగవచ్చు. అది కూడా అనుమతితోనే. ఎవరికీ చెప్పకుండా సర్వర్‌లో వెర్షన్ సంఖ్య మార్చేయాలన్న ఆలోచన వస్తే మాత్రం విరమించుకోండి. మీ వాదన ఎంత సరైనదైనా, ఆ ఒక్క పనితో చర్చ టూల్ నుంచి మీ ప్రవర్తన మీదికి మళ్లుతుంది.

ఇది జావాకో, మీ బృందానికో మాత్రమే వచ్చిన కష్టమని మీ మేనేజర్ అనుకుంటే, పైథాన్ బృందాలను అడగమనండి. 2023 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.12లో ఎఫ్ స్ట్రింగులను (లోపల విలువలను పొదిగే పాఠాలను) ముక్కలుగా విడదీసి చదివే తీరు మారింది. కోడ్ రాసే తీరును పరీక్షించే పైకోడ్‌స్టైల్ టూల్ పాత వెర్షన్‌ను దాని మీద నడిపినవారికి, ఎఫ్ స్ట్రింగ్ లోపలి కోలన్ తరువాత ఖాళీ వదల్లేదంటూ వార్నింగులు వచ్చాయి. అక్కడ కోడ్ అక్షరం కూడా మారలేదు, దాన్ని నడిపే భాషా వెర్షన్ మారింది. 2.11 శ్రేణి పైకోడ్‌స్టైల్‌లో దీన్ని సరిచేశారు. భాష ముందుకు వెళ్లి టూల్ వెనకబడినప్పుడల్లా ఇలాంటివి ఎక్కడైనా జరుగుతాయి.

ఎక్సెల్ షీట్ విషయంలో నా అభిప్రాయం దాచుకోను. సరిచేయని దాన్ని "ఫిక్స్‌డ్" అని మీ పేరుతో రాయకండి. మీరు వాటిని సరిచేయలేదు, సరిచేయవలసినవి కూడా కావు. అలా రాస్తే రెండు నష్టాలున్నాయి. మొదటిది, మూడు వందల తప్పులు మీవేనని మీరే లిఖితపూర్వకంగా ఒప్పుకున్నట్లవుతుంది. రెండోది, వచ్చే బిల్డ్‌లో అవే తిరిగి కనిపించినప్పుడు చెప్పడానికి జవాబు ఉండదు. "ఫాల్స్ పాజిటివ్, కారణం జతచేసిన పత్రంలో ఉంది, ఫలానా టికెట్‌లో పరిష్కారం" అని రాయండి. మేనేజర్‌కు కావలసింది ఆ గడి నిండడమే అయితే, ఇది కూడా దాన్ని నింపుతుంది. అయినా "ఫిక్స్‌డ్" అనే రాయాలని పట్టుబడితే, ఆ మాట తమ నుంచి వచ్చినట్లు ఒక మెయిల్‌లో నిర్ధారించమని మర్యాదగా అడగండి. చాలా సందర్భాల్లో ఆ పట్టు అక్కడితో సడలుతుంది. సడలకపోతే, మీరు పనిచేసే చోటు గురించి మీకు ఒక ముఖ్యమైన విషయం తెలిసినట్లే. దాని మీద ఏం చేయాలన్నది మీ ఇంటి పరిస్థితులను బట్టి మీరే ఆలోచించుకోవలసిన సంగతి.

కోడ్ రాయడం రాదేమోనన్న మీ అనుమానం గురించి ఒక్క మాట చెప్పాలి. ఆ వార్నింగుల పక్కన మీ పేరు ఉండడానికి కారణం మీరు ఫార్మాటింగ్ సరిచేయడమే. చివరిసారి ఆ లైనును ఎవరు తాకారో గిట్ చెబుతుంది గాని, ఆ లైనులో తప్పుందో లేదో దానికి తెలియదు. ఇకముందు ఫార్మాటింగ్ మార్పులను విడి కమిట్‌గా పెట్టి, ఆ కమిట్‌ను గిట్ బ్లేమ్ దాటవేసేలా నమోదు చేస్తే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. అసలైన జావా మార్పును మీరు టెస్టులన్నీ పాసయ్యేలా పూర్తిచేశారు. లైన్లు తెరిచి చూసి అక్కడ నల్ పరీక్ష లేదని గమనించారు, ల్యాప్‌టాప్‌లో వేరుగా వస్తోందని కూడా గమనించారు. చేతకానివారు చేసే పనులు ఇవి కావు.

పని ఈ వారంలోనే మొదలుపెట్టండి. చిన్న క్లాసు, రకాల వారీ పట్టిక, లీడ్‌కు మెయిల్, ఈ వరుసలో సాగితే అప్రైజల్ నాటికి మీ చేతిలో లిఖిత ఆధారం ఉంటుంది. అప్పుడు స్వీయ సమీక్షలో "వార్నింగులు తగ్గించాను" అని కాకుండా, కారణాన్ని ఎలా కనిపెట్టారో, మిగిలిన వాటిలో నిజమైనవి ఎన్ని సరిచేశారో, టూల్ మార్పు ప్రతిపాదన ఏ దశలో ఉందో రాయండి. టూల్ మారిన రోజున ఫిల్టర్ ఫైలులోని ఆ మినహాయింపును తీసి ఒకసారి బిల్డ్ నడపడం మాత్రం మరిచిపోకండి. అప్పటికీ ఆ రకం వార్నింగులు ఏవైనా మిగిలితే, వాటిలోని నల్ పరీక్షలు కంపైలర్ పెట్టినవా, మీ బృందంలో ఎవరైనా రాసినవా అన్నది మళ్లీ జావాపీతో చూసి తేల్చుకోండి.